పెట్టెకు పెట్టుబడి

నిరుడు నవంబరులో నా భార్య అబిగయీలు పోయింది. ఫ్రీజర్ బాక్సు కోసం నెల్లూరుకు ఫోను చేశాము. ముందు డబ్బు పంపితేనే బండి కదులుతుందన్నారు. పంపాను. ఆ బాక్సు అప్పటికే వేరే ఇంట్లో ఉన్నదన్న సంగతి తర్వాత చెప్పారు. అది మర్నాడు పదకొండింటికి వచ్చింది. మా అమ్మాయి లిల్లీ వైజాగు నుంచి రావాలి గనుక అంతవరకూ అబిగయీలును ఐసు మీద ఉంచాము. మా వైపు ఐసు దొరికేది రొయ్యల చెరువులకు సరఫరా చేసే ఫ్యాక్టరీలోనే. ఆ ఐసుకు, అది తెచ్చిన గోతాలకు రొయ్యల వాసన ఉంటుంది. దీని గురించి ఇంతకంటే రాయను.

నా పేరు సమాధానం. విడవలూరుకు తూర్పున, సముద్రం దగ్గరి ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఇరవై ఆరేళ్లుగా పిల్లలకు దరఖాస్తు రాయడం నేర్పుతున్నాను. పైన ఎవరికి, కింద ఎవరు, మధ్యలో ఏం కావాలి. అంతకంటే ఎక్కువ రాస్తే మార్కులు తీసేస్తాను. ఈ అలవాటు వల్ల ఈ ఏడాది చాలా ఇబ్బంది పడ్డాను.

జనవరిలో మగ్దలీనమ్మక్క మా ఇంటికి వచ్చింది. రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోయే పదిమంది ఆడవాళ్ల సంఘానికి ఆమె లీడరు. అబిగయీలుకు చిన్నప్పటి నుంచీ స్నేహితురాలు. వచ్చి గడప మీదే కూర్చుంది.

“సారూ, మన పాలేనికి ఒక పెట్టె కొందాం.”

“ఏం పెట్టె అక్కా?”

“అబిగయీలుకు రావాల్సిన పెట్టె.”

ఆమే చెప్పింది. ఫ్రీజరు పెట్టె, దానికి ఇన్వర్టరు, ఒక టెంటు, ముప్పై కుర్చీలు. ఎవరింట్లో చావు జరిగినా సంఘం వాళ్లే మోసుకుపోయి వేస్తారు, వాళ్లే తీసుకొస్తారు. బాడుగ ఉంటుంది, కానీ చావింట్లో డబ్బు మాట ఎత్తరు. చావు తర్వాత ప్రార్థనకు పెట్టే ఆదరణ కూడిక అయినాక ఆ ఇంటివాళ్లే తెచ్చిస్తారు. ఇవ్వలేనివాళ్లు ఇవ్వరు.

“ఇవ్వనోళ్లను అడిగేది లేదు సారూ. అది ముందే అనుకున్నాం,” అంది.

ఇంత తొందరేమిటని నేను అడగలేదు. ఆమె భర్త గిద్యోనుకు మూడేళ్లుగా డయాలసిస్. వారానికి మూడుసార్లు నెల్లూరు పోయి వస్తాడు. కొడుకు హెబ్రోనుకు గుజరాత్‌లో వేరావలు రేవులో బోటు మీద పని. బోటు వేటకు పోయిందంటే పదిహేను, ఇరవై రోజులు ఫోను అందదు. వార్త తెలిసినాక కూడా మనిషి ఇక్కడికి చేరడానికి రెండు రోజులు పడుతుంది. పాలెంలో అందరికీ ఈ లెక్క తెలుసు. పైకి అనేవాడు గిద్యోను ఒక్కడే.

“నాకేం తొందర లేదు అయివోరా,” అన్నాడు, నేను చూడబోతే. “పెట్టె వచ్చినాకనే పోతా. కొత్త సామాను గదా, మొదట ఎవురో ఒకరు పడుకోని చూడాల.” నవ్వాడు. తర్వాత గోడ వైపు తిరిగి, “వాడు నా మొకం చూడాల. అంతే,” అన్నాడు.

ముందు బ్యాంకుకు పోయాము. లోన్లు చూసే ఆయన జాబితా తెరిచి వేలు పెట్టి చదివాడు. గేదెలకు ఇస్తారు, కుట్టుమిషన్లకు ఇస్తారు, పచ్చళ్లకు ఇస్తారు. శవాల పెట్టెకు కోడు నంబరు లేదు. మగ్దలీనమ్మక్క మొహం చూసి ఆయనకు జాలి వేసింది.

“పాడి గేదె అని రాసి తీసుకోండమ్మా. నేను చూసుకుంటా.”

“గేదెను చూసేదానికి ఎవరన్నా వస్తే?”

“చెవికి ట్యాగు ఉంటే చాలు.”

“పెట్టెకు చెవి యాడుంటది సారూ?” అంది ఆమె. అక్కడితో బ్యాంకు అయిపోయింది.

మే నెలలో మండలం ఆఫీసులో ఒక సమావేశం పెట్టారు. ఊళ్లోవాళ్లు కలిసి నడుపుకునే, ఊరికి పనికొచ్చే సంస్థలకు మొదటి పెట్టుబడి ఇస్తామని బెంగుళూరు నుంచి ఒక ఫౌండేషన్ వచ్చింది. దాని పేరు రాయను. దాని గుర్తు ఒక జత రెక్కలు. రెక్కల కింద ‘మీ కలలకు రెక్కలు’ అని ఉంటుంది. తిరిగి కట్టనక్కర్లేదు, వడ్డీ లేదు, రెండున్నర లక్షలు. సుశీల్ కుమార్ అనే కుర్రాడు వాళ్ల తరఫున జిల్లా చూసుకుంటాడు. మర్యాదస్థుడే. మాట్లాడే ప్రతి వాక్యం మొదట్లో ‘సో’ అంటాడు.

దరఖాస్తు సెల్‌ఫోనులో నింపాలి. నలభై ఒక్క ప్రశ్నలు. నేను పదో తరగతి సప్లిమెంటరీ పేపర్లు దిద్దుతూ రోజుకు నాలుగు చొప్పున నింపాను. ‘మీ కస్టమర్ ఎవరు? ఆ వ్యక్తి దినచర్య వర్ణించండి’ అని ఒకటి. ‘చనిపోయిన వ్యక్తి. దినచర్య లేదు’ అని రాశాను. ‘కస్టమర్ మళ్లీ మళ్లీ మీ దగ్గరికే వచ్చేలా ఏం చేస్తారు?’ ‘ఏమీ చేయము.’ ‘మీ పోటీదారులు ఎవరు?’ ‘రొయ్యల ఐసు.’

పంపిన మూడో రోజున సుశీల్ కుమార్ ఫోను చేశాడు.

“సో, సార్, చాలా హానెస్ట్‌గా ఉంది. కానీ చావు అనే మాట పంతొమ్మిదిసార్లు వచ్చింది. జ్యూరీకి హెవీ అయిపోతుంది.”

“ఏమని రాయమంటారు?”

“‘జీవిత చరమాంక సేవలు’ అందామా సార్?”

“మా పాలెంలో ఆ మాట ఎవరికీ తెలియదు.”

“జ్యూరీకి తెలుసు కదా సార్.” గొంతు తగ్గించి అడిగాడు. “ఆ లేడీస్ పచ్చళ్లేమైనా పెడతారా? రొయ్యల పచ్చడి అయితే ఈ ఏడాది చాలా ఈజీ సార్.”

చావు అనే మాట నేను మార్చలేదు. అయినా మమ్మల్ని ఆఖరి వడపోతకు పిలిచారు. మిగతా దరఖాస్తులు ఎలా ఉన్నాయో నాకు తెలియదు.

ఆగస్టులో నెల్లూరులో ఒక పెద్ద హోటలు. పెళ్లిళ్లు జరిగే ఏసీ హాలు. గుమ్మం దగ్గర మెడలో వేసుకోమని అట్టముక్కలు ఇచ్చారు. వాటి మీద పేరు, పేరు కింద ‘మార్పు తెచ్చే మనిషి’ అని ఉంది. సంఘం నుంచి ఆరుగురు వచ్చారు. ఆరుగురూ మార్పు తెచ్చే మనుషులే. పనికి పోకుండా వచ్చినందుకు వాళ్లకు ఆరోజు కూలి పోయింది. ఆ సంగతి మాత్రం అట్టముక్క మీద లేదు.

మాకు ముందు జొన్న బిస్కెట్లవాళ్లు మాట్లాడారు. వాళ్ల తర్వాత, చేపలకు ఆధార్ లాంటి నంబరు ఇస్తామనే కుర్రాళ్లు మాట్లాడారు. వాళ్లకు చప్పట్లు బాగా పడ్డాయి. తర్వాత మగ్దలీనమ్మక్క లేచింది. ఏడు నిమిషాలు ఇచ్చారు, మూడే వాడుకుంది. పాలెంలో పోయినేడు పదకొండుమంది పోయారని, ఎవరెవరికి పెట్టె వచ్చిందో, ఎవరికి రాలేదో చెప్పింది. అబిగయీలు పేరు చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

జ్యూరీలో ఒక మేడం ఇంగ్లీషులో అడిగారు, సుశీల్ కుమార్ తెలుగులో చెప్పాడు. “ఐదేళ్లలో మీరు ఎక్కడ ఉండాలనుకుంటున్నారు?”

“ఐదేళ్లలో మాలో కొందరం పెట్టెలో ఉంటాం మేడం,” అంది మగ్దలీనమ్మక్క.

ఇంకో ఆయన, పక్క ఊళ్లకు కూడా విస్తరిస్తారా అన్నాడు. పక్క ఊళ్లో చచ్చినా పెట్టె ఇస్తాం, మోసేదానికి మనుషుల్ని వాళ్లే పంపాల అంది. ఇంక ప్రశ్నలు లేవు. ఆరుగురూ లేచారు. పైటలు భుజాల మీదికి లాక్కున్నారు. ఎవరి వైపూ చూడకుండా, ఒక్క మాట మాట్లాడకుండా, ఒకరి వెనక ఒకరు తలుపు దాటి వెళ్లిపోయారు.

మెట్ల దగ్గర మగ్దలీనమ్మక్క నుదురు కొట్టుకుంది.

“అయ్యో సారూ, ఎంత పని చేసినాం! వస్తామని చెప్పకుండా వచ్చేసినామే. పోయినోళ్ల మాటల్లో పడి చావింట్లో ఉండామనుకున్నా.”

చావింటి నుంచి వచ్చేటప్పుడు మా వైపు ఎవరూ ‘వస్తాను’ అనరు. లేచి వచ్చేస్తారు. వీళ్లు ఆ హాలును కూడా చావిల్లు చేసి వచ్చేశారు.

“మొదట నువ్వే గదక్కా లేచింది,” అంది వెనక ఒకామె.

“నేను లేస్తే నువ్వెందుకు లేస్తివి మే? నోరుండాది గదా నీకు!”

క్షమాపణ చెబుదామని నేను లోపలికి పోయాను. హాలంతా చప్పట్లు కొడుతున్నది. ఇందాక ఐదేళ్ల ప్రశ్న అడిగిన మేడం కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంటున్నారు. అది నిరసన అట. మౌనంగా నడిచి వెళ్లడంలో ఉన్న శక్తి అట. ముప్పై ఏళ్లలో ఇంత గొప్ప ముగింపు చూడలేదట. సుశీల్ కుమార్ నా చెయ్యి పట్టుకుని ఊపాడు. “సో, సార్, ఎవరు ట్రైన్ చేశారు వాళ్లను?”

తప్పు దిద్దడం నా వృత్తి. ఆరోజు దిద్దలేదు. గిద్యోను ఆ నెలలో రెండుసార్లు అంబులెన్సులో పోయి వచ్చాడు. నేను నోరు మూసుకుని టీ తాగి వచ్చాను.

ఆ విధంగా మేము ఎంపికయ్యాము. పది రోజుల తర్వాత ఒప్పందం కాగితాలు వచ్చాయి. పంతొమ్మిది పేజీలు, ఇంగ్లీషులో. ఆదివారం ఆరాధన అయినాక చర్చి వరండాలో కూర్చుని నేను వాటికి తెలుగు చెప్పాను. సంఘం మొత్తం ఉంది. గిద్యోను కూడా మెత్తటి దుప్పటి కప్పుకుని కుర్చీలో కూర్చున్నాడు.

“పెట్టె మూత మీద ఫోనుతో డబ్బు కట్టే చీటీ అంటించాలి. ముందు కడితేనే పెట్టె ఇవ్వాలి. ఉచితంగా ఎవరికీ ఇవ్వకూడదు,” అని చదివాను.

“మనిషిని లోపల పెట్టినాక కట్టొచ్చా?”

“ముందే.”

“నెల్లూరోళ్లు కూడా ముందే అన్నారు గదా సారూ. మరి వీళ్లెందుకు?”

దానికి ఒప్పందంలో జవాబు లేదు. తర్వాతిది చదివాను. “వాడుకునేవాళ్ల సంఖ్య ఏడాదికి ఇరవై శాతం పెరగాలి.”

“ఇరవై శాతమంటే ఎంత?”

“పోయినేడు పదకొండుమంది. ఈ ఏడు పదమూడుమంది కావాలి. పై ఏడు పదహారు.”

అందరూ మనసులో ఎవరెవరినో లెక్కపెట్టుకుంటున్నారని నాకు అర్థమైంది.

“మా అత్తను రాసుకోండి సారూ,” అంది ఒకామె.

“మీ అత్తా? అది ఎనభై ఏళ్లకు మొక్కజొన్న కొరుకుతా ఉండాది. దాన్ని నమ్ముకుంటే గ్రాంటు ఎనక్కి పోతది మే!”

నవ్వులు ఆగినాక మూడోది చదివాను. పెట్టె మూత మీద, తల వైపున, ఫౌండేషన్ రెక్కల బొమ్మ అతికించాలి. అడుగున్నర వెడల్పు. పెట్టె వాడిన ప్రతిసారీ రెండు ఫొటోలు పంపాలి. వాటిలో బొమ్మ, కుటుంబ సభ్యులు కనిపించాలి. కుటుంబ సభ్యులు బొమ్మ వైపు చూస్తూ ఉంటే మంచిది.

ఎవరూ నవ్వలేదు. మగ్దలీనమ్మక్క చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“సంతకం పెట్టేద్దాం,” అంది చివరకు. “పెట్టె రానీండి. వచ్చినాక బొమ్మ పీకేద్దాం.”

“పీకితే డబ్బు వెనక్కి అడుగుతారని పదిహేనో పేజీలో ఉంది అక్కా.”

“అప్పుడు చూద్దాం సారూ. ఇప్పుడు పెట్టె కావాల.” ఆమె గొంతు పెరిగింది. “మీరు సదువుకున్నోళ్లు, మీకు ఒక్కొక్క మాట గుచ్చుకుంటది. నాకు గుచ్చుకోదు. వాళ్లు మూత మీద ఏం రాసుకుంటే నాకేంది? నాకు మూడు రోజులు కావాల. అంతే.”

ఆమె అడిగింది న్యాయం. కలం తీశాను. దరఖాస్తులో కార్యదర్శిగా నా పేరే రాశాము గనుక సంతకం నాదే.

“ఏయ్, ఆగు అయివోరా.” గిద్యోను దుప్పటిలో నుంచి చెయ్యి తీశాడు. “ఆ పెట్టెలో పడుకునేది ఎవురు?”

“ఊరుకో నువ్వు,” అంది భార్య.

“నేను గదా పడుకునేది. నన్ను అడగొద్దా? మూడు రోజులు నా మొకం మీద వాళ్ల రెక్కలు ఏలాడాల. నా కొడుకు గుజరాత్ నుంచి ఏడ్చుకుంటా వచ్చి, ముందు ఆ బొమ్మ వైపు చూసి ఫొటో దిగాల. ఆ పైన నన్ను చూడాల.” దగ్గు వచ్చింది. తగ్గేదాకా ఆగాడు. “నేను ఐసు మీదనే పడుకుంటాలే. ఆ కాయితాలు ఎనక్కి పంపు.”

మగ్దలీనమ్మక్క అతన్ని తిట్టింది. ఇక్కడ రాయదగిన తిట్లు కావు. తర్వాత పైట నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు కూర్చుంది. మళ్లీ నా వైపు తిరిగి, “పంపించేయండి సారూ,” అంది.

ఆ జవాబు ఒక్క నిమిషంలో రాశాను. పైన ఎవరికి, కింద ఎవరు. మధ్యలో, ‘మీ షరతులు మా ఊరికి కుదరవు.’

సుశీల్ కుమార్ నిజంగానే బాధపడ్డాడు. “సో, సార్, ఇలా వదులుకుంటే ఎలా? మళ్లీ అవకాశం వచ్చే ఆగస్టుకే.” అంతవరకు ఆగలేనివాళ్లు మా ఊళ్లో ఉన్నారని చెప్పాను. “అర్థం చేసుకోగలను సార్,” అన్నాడు. ఆ మాట వాళ్లకు శిక్షణలో నేర్పుతారనుకుంటాను.

మిగిలింది కోత పండుగ. మా చర్చిలో ఆ ఆదివారం అందరూ పొలంలో, దొడ్లో కాసినవి తెచ్చి అర్పిస్తారు. తర్వాత వాటిని వేలం పాడతారు. పాట గెలిచినవాడు ఆ వస్తువును ఇంటికి తీసుకుపోవాలని లేదు. మళ్లీ పాటకే ఇచ్చేయవచ్చు. ఆ ఏడు వచ్చిన డబ్బు పెట్టెకే ఇద్దామని పాస్టరుగారిని అడిగితే సరేనన్నారు.

విడవలూరులో టెంట్లు బాడుగకిచ్చే చోటే సాహెబ్‌ను కూడా పిలిచాను. మా పెట్టె, టెంటు వస్తే నష్టపోయేది ఆయనే గనుక ముందే చెప్పడం మంచిదనిపించింది. ఆయన విని గడ్డం గోక్కున్నాడు.

“నష్టమేముంది సార్? చావుకేసిన టెంటు పెళ్లికి తెస్తే జనం గుర్తుపట్టేస్తారు. ఆ గొడవ నాకెందుకు? పాతది ఒకటుంది, కుర్చీలు కూడా ఇస్తాను. మీరే పెట్టుకోండి.” ఫారం అడగలేదు, ఫొటో అడగలేదు. నలభై ఒక్క ప్రశ్నల్లో ఒక్కటీ అడగలేదు.

పండుగనాడు ఆయన టోపీ పెట్టుకుని వెనక వరసలో నిలబడ్డాడు. ఒక గుమ్మడికాయను ఎనిమిది వందలకు పాడి, తిరిగి పాటకే ఇచ్చాడు. అక్కడి నుంచి ఊరికి పౌరుషం వచ్చింది. ఒక సాయిబు పాడితే మనం పాడలేమా అని కొందరు పాడారు. అది కూడా పెద్ద గొప్ప కారణమేమీ కాదు. ఆ ఒక్క గుమ్మడికాయ తొమ్మిదిసార్లు అమ్ముడుపోయింది. రొయ్యల చెరువుల మాలకొండయ్య ఒక కోడిపుంజును పదిహేను వేలకు పాడి, తన పేరు మైకులో మూడుసార్లు చెప్పించుకున్నాడు. చర్చి మెట్లు దిగేటప్పుడు మగ్దలీనమ్మక్కను ఆపాడు.

“పెట్టె మీద నా పేరు రాయించమ్మా. దాత అని.”

“తప్పకుండా అన్నా. లోపలి తట్టు రాయిస్తాం. నువ్వు పడుకున్నప్పుడు కనపడేటట్టు.”

మాలకొండయ్య మళ్లీ ఆ ఊసెత్తలేదు. డబ్బు మాత్రం ఇచ్చాడు.

వచ్చినదానితో చెన్నైలో ఒకసారి వాడిన పెట్టె దొరికింది. నవంబరు రెండో వారంలో వచ్చింది. గిద్యోను దాన్ని వేలితో కొట్టి చూసి, “చిన్నది గదా ఇది, కాళ్లు ముడుచుకోవాలేమో,” అన్నాడు. సరిపోయింది. డిసెంబరు మూడో తేదీ పొద్దున పోయాడు. బోటు యజమాని వైర్‌లెస్‌లో కబురు చెబితే, ఇంకో బోటు హెబ్రోనును ఒడ్డుకు తెచ్చింది.

రెండో రోజు మధ్యాహ్నం నేను టెంటు కింద కూర్చుని ఉండగా ఫోను మోగింది. సుశీల్ కుమార్.

“సో, సార్, మీ ప్రాజెక్టు మొదలైందని విన్నాం. కంగ్రాట్స్! మా వార్షిక నివేదికలో మీ గురించి ఒక పేజీ వేస్తున్నాం. మేము ఫండ్ చేయలేదనుకోండి, కానీ మీ ఆలోచన మా ప్రోగ్రాంలోనే కదా సార్ పదునెక్కింది. లబ్ధిదారులు ఇంతవరకు ఎంతమంది?”

“ఒకరు.”

“గ్రేట్ సార్. ఆయన మాటల్లో ఒక రెండు వాక్యాలు కావాలి. సేవ ఎలా ఉందో.”

“ఆయన ఇప్పుడు మాట్లాడలేరు.”

“పర్వాలేదు సార్. వీలైనప్పుడే పంపమనండి.”

అలాగేనని ఫోను పెట్టేశాను.

హెబ్రోను మూడో రోజు సాయంత్రం నాలుగింటికి వచ్చాడు. నెల్లూరు స్టేషను నుంచి ఆటోలో నేరుగా వచ్చాడు. చొక్కా మీద ఇంకా ఉప్పు చారలున్నాయి. పెట్టె అద్దానికి లోపల మంచు పట్టి ఉంది. అరచేత్తో తుడిచాడు, మంచు లోపల ఉంది గనుక పోలేదు. మళ్లీ తుడిచాడు. మగ్దలీనమ్మక్క సంఘం వాళ్ల వైపు చూసి, “ఎత్తండి మే,” అంది. నలుగురు ఆడవాళ్లు మూత ఎత్తి పట్టుకున్నారు.

అతను చాలాసేపు చూశాడు. ఎవరూ తొందర చేయలేదు. తర్వాత చెయ్యి పెట్టి తండ్రి చెంప తాకాడు.

“గెడ్డం ఎవురు గీసినారు?”

“నేను,” అన్నాను.

“బాగా గీసినారు సారూ,” అన్నాడు హెబ్రోను.